గజ్జెల సద్దు

గుడియాత్తంలో ఆదివారం మధ్యాహ్నం. ముప్పై ఏళ్లుగా ఒకే షెడ్డులో పవర్‌లూమ్ మగ్గాలు నడుపుతున్న భార్యాభర్తలు ఇంటి ముందర కూర్చుని పాట వింటున్నారు. వాళ్ల ఆరేళ్ల మనవరాలు షాలిని పక్కనే ఆడుకుంటోంది.

"అల్లుడు ఎక్కించిన ఈ పెన్‌డ్రైవ్ నాకొద్దు. పాటలో గజ్జెల సద్దు తీసేసినారు."

"ఎవరు తీస్తారయ్యా?"

"సైజు తగ్గించేదానికి సన్న సద్దులన్నీ కోసేస్తారంట. మన పెండ్లినాటి క్యాసెట్టు పెట్టు, తేడా నీకే తెలుస్తాది."

"పెట్టినా. విను."

"ఇందులోనూ లేదే!"

"టేపు అరిగిపోయుంటాది. ఎన్ని వేల మార్లు ఆడించినాం!"

"నీకన్నా వినపడతాండాదా?"

"లేదు. పాట వస్తాండాది, మద్దెల వస్తాండాది. గజ్జెలే లేవు."

"అట్లయితే సరి. నా చెవులకే ఏమో అయిందని భయపడితి."

"ఇద్దరికీ ఒకే మాదిరి యాడన్నా అవుతాదా?"

"పక్కన పనిచేసే చెంగల్రాయలుకు మగ్గాల మోతకే అయింది గదా. ముందు సన్న సద్దులు పోతాయి, తర్వాత మనుషుల మాటలు పోతాయి, పోయింది తిరిగి రాదు అని వేలూరు డాక్టరు చెప్పినాడంట."

"ఆ మాట ఇప్పుడెందుకు? పాడైంది క్యాసెట్టు."

"సరే, ఆపేయ్. షాలిని ఏమంటాండాది?"

"ఆపొద్దంటాది."

"ఎందుకంట?"

"గజ్జెలు బాగుండాయంట."