నడుముకి ఏది కట్టాలి

లిలువా రైల్వే క్వార్టర్స్ వరండాలో తండ్రి టీ తాగుతున్నాడు. రైల్వే పోలీసుగా చేసి రిటైరైనవాడు. అదే కొలువులో చేరిన కూతురు పక్కనే కూర్చుని బూట్లకి పాలిష్ పెడుతోంది.

"సోమారం నుంచి లోకల్లో ఆడోళ్ల డబ్బాలో డ్యూటీ నాన్నా. పెద్ద పిస్తోలు కావాలో చిన్నది కావాలో సెప్పమన్నారు మా ఠాణా పెద్దాఫీసరు బొడోబాబు."

"ఏటి సెప్పినావు?"

"మా నాన్ననడిగి సెప్తానన్నాను."

ఆయనకి లోలోపల పొంగింది. పైకి మాత్రం మీసం దువ్వుకున్నాడు.

"చాంద్‌మారీ మైదానంలో గురి కొట్టడానికైతే పెద్దదే. బరువుంటాది, సేతిలో ఎగరదు. డ్యూటీకి చిన్నది తీసుకో అమ్మీ. చొక్కా కింద దాగిపోతాది."

"రెండూ పేల్చి సూసినాను. చిన్నది నా సేతిలో నిలబడ్డంలేదు."

"అలవాటైపోతాది. పెద్దదైతే నడుంమీద అందరికీ కనపడిపోద్ది కదే."

"కనపడాలనే నాన్నా. ఆడోళ్ల డబ్బాలోకి ఎక్కే మగోళ్లు దాన్ని సూసి దిగిపోవాల. నేను బయటికి తీసే పని ఉండకూడదు."

సర్వీసంతా పిస్తోలుని చొక్కా కింద దాచుకునే తిరిగిన మనిషి, టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఆ బరువుకి నీ బెల్టు జారిపోతాది" అన్నాడు.

"అయితే?"

"ఇలా తే. ఓ మేకు, సుత్తి కూడా పట్రా. ఇంకో బెజ్జం కొడతాను."