తెర మీద “ఛ”

రామచంద్రపురంలో ఐజాక్ కంప్యూటర్ సెంటరు. ఐజాక్‌కి ఎదురుగా ప్రిస్కిల్లా, మండపేట రైసుమిల్లులో పనిచేస్తుంది.

“కంప్యూటర్లో రాసుకోడానికీ దిద్దుకోడానికీ నానో ప్రోగ్రాం నేర్చుకోమ్మా ప్రిస్కిల్లా. ఏ మీట నొక్కాలో తెర అడుగునే రాసుంటుంది.”

“వద్దన్నయ్యా. నాకు ఆ విమ్ ప్రోగ్రామే కావాలి.”

“కొత్తవాళ్లకి కష్టమమ్మా. అందులోంచి బయటికి రాలేక సగంమంది ఏడుస్తారు.”

“నేనూ ఏడ్చాను. మిల్లులో, అందరి ముందూ. అందుకే అదే కావాలి.”

“ఏమైంది?”

“లారీలు తూచే కాటా కంప్యూటర్లో రైతుల పేర్లుంటాయి కదా, తెలుగులో. ఒకాయన పేరు తప్పు పడితే విమ్‌లో దిద్దాను. బయటికి రావడం తెలీలేదు. ఏం నొక్కాలో ఫోన్లో చూసి ముందు కోలన్ కొట్టాను. తెర మీద ‘ఛ’ అని పడింది. మళ్లీ కొట్టాను. మళ్లీ ‘ఛ’.”

“కీబోర్డు తెలుగులో ఉంచేసి కొట్టావా? తెలుగులో ఆ మీటకి ‘ఛ’యే పడుతుంది. ఎస్కేప్ కూడా నొక్కకుండా?”

“నాకేం తెలుసు! మేనేజరు జగన్నాథరావు గారు పగలబడి నవ్వారు. ‘కంప్యూటరే నిన్ను ఛీ కొడుతోందమ్మా’ అన్నారు. జట్టుకూలీలు, డ్రైవర్లు, అందరూ ఒకటే నవ్వు. ఆ రోజు నుంచీ గేటు దగ్గర లారీ నంబర్లు రాయిస్తున్నాడు నా చేత. నా కుర్చీలో వాళ్ల బావమరిదిని కూర్చోబెట్టాడు.”

“సర్లే, ఏడవకు. ముందు తెలుగు తీసెయ్. ఎస్కేప్ నొక్కు. ఇప్పుడు కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం, ఎంటర్.”

“వచ్చేశాను! ఇంతేనా? ఇంతేనా అన్నయ్యా? ఈ మాత్రం దానికా నన్ను గేటు దగ్గర...”

“మళ్లీ చెయ్యి.”

“వందసార్లు చేస్తాను.”

“అది సరే, ఆ రోజు చివరికి ఎవరు బయటికి తెచ్చారు?”

“ఆ మేనేజరు గారే. ‘లే, లే’ అని నన్ను లేపేసి కూర్చున్నాడు. టకటకా నొక్కాడు.”

“నొక్కితే?”

“ఇంకో నాలుగు ‘ఛ’లు పడ్డాయి.”

“తర్వాత?”

“తర్వాతేముంది, ప్లగ్గు పీకేశాడు. ఎందుకన్నయ్యా నవ్వుతావు?”

“ప్లగ్గు పీకాడా! తెలిసినోడు ప్లగ్గెందుకు పీకుతాడే పిచ్చిమొహమా?”

“ఆగు. ఆగాగు. అంటే ఆయనక్కూడా...”

“నేనేం అనలేదు. కోపంలో ఏదో ఒకటి చేసి ఉద్యోగం పోగొట్టుకోకు.”

“అబ్బే, ఏం చేస్తానన్నయ్యా. రేపు ఓనరు గారు కాటా చూడ్డానికి వస్తున్నారు. పొద్దున్నే వెళ్లి కాటా కంప్యూటర్లో విమ్ తెరిచి, కీబోర్డు తెలుగులో పెట్టేస్తాను. వాళ్లొచ్చాక, ఓనరు గారి ముందే మేనేజరు గారిని ‘నాకు చేతకాదండి, బయటికి రావడం ఒక్కసారి చూపించరా అండి?’ అని మర్యాదగా అడుగుతాను.”

“మళ్లీ ప్లగ్గు పీకేస్తాడు.”

“ప్లగ్గుకి అడ్డంగా నా కుర్చీ వేసుకుని కూర్చుంటానుగా.”