కొట్టివేతకు కారణం

తనిఖీ రేపే. హెడ్మాస్టరు తన గది తలుపు మూసి, దానికి అడ్డంగా కుర్చీ వేసుకు కూర్చుని, ఏడో తరగతి సైన్సు నోటుబుక్కును టీచరమ్మ ముందుకు తోశాడు.

"ఏంటమ్మా ఇది? 'మన బడి ట్యాంకు నీళ్లు మంచివి కావు' అట."

"పిల్లలు తేల్చిన మాట సార్. సాక్ష్యం కింద ఉంది. ట్యాంకు నీళ్లు తాగిన ఇరవై మందిలో పదకొండు మందికి కడుపునొప్పి. ఇంటి నీళ్లు తెచ్చుకున్న తొమ్మిది మందిలో ఒక్కరికీ లేదు."

"ట్యాంకు కడిగించామని నేను సంతకం పెట్టానమ్మా."

"కడిగించారా సార్?"

"నువ్వూ పిల్లల్లా అడగకు. నీది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఆ కాగితం నా బల్లమీదే ఉంది. ఈ వాక్యం చెరిపెయ్."

"చెరపకూడదు సార్. తప్పయితే గీత కొట్టి, పక్కన కారణం రాయాలి. క్లాసులో నేనే పెట్టిన నియమం."

"నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నావ్. సరే, కొట్టేసి ఏదో ఒకటి రాసి ఏడువు."

ఇంట్లో తినే నోళ్లు నాలుగు, సంపాదించే చెయ్యి ఒకటి. ఆ చేత్తోనే ఆమె ఎర్రకలం తీసి గీత కొట్టింది. పక్కన కారణం రాసింది. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివాడు: 'హెడ్మాస్టరు గారు కొట్టేయమన్నారు.'

"ఇది చెరిపెయ్యమ్మా."

"చెరపకూడదు సార్," అంటూ ఆమె కలం ఆయన చేతికిచ్చింది. "కొట్టేసి, పక్కన మీరే కారణం రాయండి."