ఏడో చుక్క

గ్యాస్ హీటర్ల కంపెనీ. హీటరు పెట్టెలో పెట్టే కాగితం తయారయ్యే గది. మధ్యాహ్నం. ఆ కాగితం రాసే ఆవిడ, పేజీ డిజైన్ చేసే అతను.

"మళ్ళీ అంకెలా? చుక్కలు పెడితే పేజీ ఎంత నీటుగా ఉందో చూడండక్కా."

"అక్కా అనొద్దన్నానా? మేడమ్ అను. చుక్కలు తీసెయ్."

"సరే, మేడమ్. పాపం చుక్కలేం చేశాయి?"

"చుక్కలు పెట్టెలో ఏమేం ఉన్నాయో చెప్పడానికి. పైపు ముందు తీసినా ఒకటే, క్లిప్పు ముందు తీసినా ఒకటే. ఇది అలా కాదు. ఒకదాని తర్వాత ఒకటి చెయ్యాల్సిన పని. అంకెలే ఉండాలి."

"పోనీ, అంకెలే వేస్తా. మరి ఈ కిటికీ తెరవమన్న సంగతి మొదటికి ఎందుకు తెచ్చారు? అదీ అంతంత అక్షరాల్లో? పాత కాగితంలో చివర కదా ఉంది."

"పాత కాగితం నీకెక్కడిది?"

"మీ సొరుగులోనే. స్టేప్లర్ కోసం తీస్తే..."

"నా సొరుగు ఎవరు తియ్యమన్నారు నిన్ను?"

"అయ్యో, అంత కోపమెందుకు మేడమ్! వరస బాగుందని తీశా, అంతే. హీటరు నేల మీద పెట్టండి. పైపు తగిలించండి. క్లిప్పు బిగించండి. గ్యాసు..."

"చదవకు."

"...గ్యాసు తెరవండి. వెలిగించి..."

"చదవకు అంటున్నానా! ఒక్కో లైనుకీ పెన్సిలు గీరిన చప్పుడు వినపడుతోంది నాకు."

"పెన్సిలా? ఇక్కడ ఎవరి చేతిలోనూ పెన్సిలు లేదే."

"లేదు. తెలుసు. ప్రెస్సు వాళ్ళు ఎన్నింటికొస్తారు?"

"ఐదింటికి. మీరు సంతకం పెట్టడమే తరువాయి. కానీ కిటికీ ముక్క అంత పెద్దగా వేస్తే రెండో పేజీకి పోతుంది. పైవాళ్ళు ఒక్క పేజీయే అన్నారు."

"రెండు పేజీలు వెయ్. కిటికీ మొదట లేకపోతే సంతకం పెట్టను. ఉద్యోగం ఊడినా సరే."

"ఎవరైనా మొత్తం చదివాకే కదా మేడమ్ వెలిగిస్తారు? చివరిదాకా చూడకుండా అగ్గిపుల్ల గీసే తెలివితక్కువవాళ్ళు ఎవరుంటారు?"

"తెలివితక్కువ అనకు."

"మిమ్మల్ని కాదు..."

"ఎవర్నీ అనకు. పని చూడు."

"మేడమ్... దీని మీద పెన్సిలు టిక్కులున్నాయి."

"ఉంటాయి."

"ఒకటి, రెండు... ఐదు. ఆరోదాని పక్కన పెన్సిలు జారిపోయినట్టు ఒక గీత. ఏడోదానికి ఏమీ లేదు. చూసినవాళ్ళు మర్చిపోయారా?"

"మర్చిపోలేదు. ఆరోది ఏమిటి?"

"గది వెచ్చబడేదాకా ఆగండి."

"ఆగాడు. తలుపులన్నీ వేసుకుని. విషగాలి పోయేలా బెత్తెడు కిటికీ తెరవమన్న మాట ఆ కిందే ఉంది. వేలెడు దూరంలో."

"ఇది... ఇది రాసిందెవరు?"

"నేనే. చుక్కలు నీటుగా ఉన్నాయని అందరూ తెగ మెచ్చుకున్నారు."

"అంత కుదురుగా టిక్కులు పెట్టుకుంటూ... ఎవరాయన అక్కా? సారీ, మేడమ్."

"పర్లేదు. అలాగే పిలువు. వాడూ అలాగే పిలిచేవాడు. నాకంటే ఆరేళ్ళు చిన్న. బడి సంచి సర్దుకోవడం కూడా చేతకాదు. రోజూ చీటీ రాసిచ్చేదాన్ని. పుస్తకాలు, పెన్సిలు, డబ్బా, నీళ్ళ సీసా. మొత్తం ఒకేసారి చూసి కంగారుపడి సగం వదిలేసేవాడు. తిట్టి, చెవి మెలేసి, నేనే దారిలో పెట్టా. నా చేతిరాత కాకపోయినా, ఆ హీటరు కాగితం నేను రాసిందని వాడికి తెలుసు."

"ఏమని నేర్పారక్కా?"

"ఒకటి చేసి టిక్కు పెట్టేదాకా కింది లైను చూడొద్దని."