ముందు రెండు వేళ్లు

తుపాకులు బాగుచేసే దుకాణం. బల్ల మీద రైఫిల్. దానికి చెరోవైపు బావా, మరదలూ.

“నీళ్లు నమలకు బావా. గొట్టం పొట్టిదైందా, లేదా?”

“పొట్టిదంటే... మరీ పొట్టిదేం కాదు.”

“కోశావా?”

“కాఫీ తాగుతావా?”

“కోశావా, లేదా!”

“రెండు వేళ్లు. రెండంటే రెండే. నువ్వే కదా ఫోన్లో చెప్పావు, ముందు రెండు వేళ్లు తగ్గించు అని?”

“ముందు అంటే మొదట అని! మొదట భుజానికి ఆనించే వెనక కర్ర తగ్గించు, తర్వాత కాల్చే మీట సంగతి చూడు అన్నాను. చెయ్యి అందట్లేదు మొర్రో అని మొత్తుకుంటే...”

“నేను ముందంటే ముందువైపు అనుకున్నా.”

“తుపాకులు తర్వాత, ముందు నీ చెవులు బాగుచేయించుకో!”

“ఈ ముందంటే మొదట అనేగా?”

“చంపేస్తాను! రేపు సెలక్షన్. జట్టులో ఉన్నది ఒక్క చోటు. దానికి నేనూ అక్కా పోటీ. నువ్వేమో మీ ఆవిడకి అడ్డు లేకుండా నా తుపాకీ ముక్కు కోసి కూర్చున్నావ్!”

“అయ్యో, అంత మాటెందుకు? చెప్పేది విను. గొట్టంలో ఉన్నంతసేపు బుల్లెట్‌ని వెనక నుంచి గ్యాస్ తోస్తుంది. అవునా?”

“అవును. అందుకే గొట్టం పొడుగైతే వేగం ఎక్కువ. చిన్నపిల్లకైనా తెలుసు.”

“అది పెద్ద తూటాలకి. వాటిలో మందు దండిగా ఉంటుంది. గొట్టం కోస్తే కొంత మందు బయటికొచ్చి మండుతుంది. మంటా చప్పుడూ ఎక్కువ, వేగం తక్కువ. నీది బుల్లి తూటా. గొట్టం చివరికి రాకముందే మందు మొత్తం కాలిపోతుంది.”

“ఆ తర్వాత?”

“ఆ తర్వాత ఎంత పొడుగున్నా గోడలకి రాసుకుంటూ పోవడమే. రెండు వేళ్లు తగ్గితే వేగంలో తేడా నీకు తెలియను కూడా తెలియదు.”

“మరి గురి? గురి చూసే ముందువైపు బుడిపె వెనక్కి జరిగిందిగా! రెండు బుడిపెల మధ్య దూరం తగ్గితే, ఇక్కడ వెంట్రుకవాసి తప్పు అక్కడ అట్ట మీద ఇంకా పెద్దదవుతుంది.”

“అదొక్కటీ నిజమే. బుడిపె మళ్లీ బిగించి సరిచూశా. నీ కంటికి అలవాటు కావాలంతే. మూతి ముడుచుకు కూర్చోకుండా వెనక మట్టిగోడ దగ్గర ఐదు కాల్చి చూడు. చెవులు మూసుకో.”

“నువ్వు పక్కకి జరుగు. ఇప్పుడు నా మనసేం బాగాలేదు.”

మట్టిగోడ దగ్గర ఐదు చప్పుళ్లు.

“ఏమైంది? ఎటు పోయాయి?”

“ఐదూ ఒకే కన్నంలో దూరాయి బావా.”

“చూశావా! ఇందాకట్నుంచీ నన్నేదో గొట్టంగాణ్ణి చూసినట్టు చూస్తున్నావ్!”

“ఆగాగు. ఈ అంచు చూడు, అద్దంలా ఉంది. చుట్టూ ఒక్క గీత లేదు. పొరపాటున కోసినవాడు ఇంత శ్రద్ధగా నున్నబరుస్తాడా? ఏదో దాస్తున్నావ్.”

“నేనా? నా దగ్గరేముంది దాయడానికి?”

“నా కళ్లలోకి చూసి చెప్పు.”

“దుకాణం కట్టేసే వేళైంది...”

“బావా!”

“సరే, సరే. మీ అక్క నీ తుపాకీ తుడుస్తుంటే చెయ్యి జారింది. గొట్టం మూతి నేలకి కొట్టుకుని సొట్టపోయింది. బుల్లెట్ బయటపడే చోట అంచు సమంగా లేకపోతే గ్యాస్ ఒక పక్కకి తన్ని దారి తప్పిస్తుంది. కొయ్యక తప్పలేదు. పోటీకని కావాలనే పడేసిందనుకుంటావేమోనని దానికి ఒకటే బెంగ. నీ తిట్లేవో నేనే తిందామనుకున్నా. దాన్నేం అనకు తల్లీ.”

“అక్క నిన్ననే ఏడ్చుకుంటూ వచ్చి మొత్తం చెప్పేసింది బావా. నువ్వు అక్క కోసం ఎంత దూరం అబద్ధమాడతావో చూద్దామనే ఇందాకట్నుంచీ తిడుతున్నా!”