ఏ బూడిద రంగు

...బూడిద రంగే, కానీ ఏ బూడిద? ఫొటోలన్నీ నలుపు తెలుపువే. అన్నయ్యతో సహా మునిగిపోయిన యుద్ధనౌకకు అతడు చెక్క నమూనా చేసి, రంగు తేలక నాలుగేళ్లుగా అలాగే ఉంచాడు. ఇవాళ దాన్ని పర్చూరులో వదిన ముందుకు తెచ్చాడు.

"వదినా, ఆఖరిసారి సెలవుకొచ్చినప్పుడు అన్నయ్య చొక్కాకి ఓడ రంగు అంటిందన్నావే. ఆ చొక్కా ఉందా?"

"ఉంది. మరకే లేదు."

"ఏమైంది?"

"కిరసనాయిలు పోసి, పోయేదాకా రుద్దా. మళ్లీ వచ్చి వేసుకుంటారుగా అనుకున్నా."

"పోనీ, ఎట్లా ఉండేది? ఎండిన నల్లరేగడిలానా, పొయ్యి బూడిదలానా?"

"నాకు మరకే కనపడింది అబ్బాయ్. రంగు చూళ్లేదు."

"చూసినవాళ్లలో మిగిలింది నువ్వొక్కదానివే."

"ఏదో ఒకటి వేసెయ్యి. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

ఆమె నమూనాను అతడి వైపు జరిపింది. అతడు తెచ్చిన ఆరు రకాల బూడిద రంగు డబ్బాల్లో చేతికందినదాని మూత తీశాడు.