గీజరు కవరు లోపలి రాత

స్నానాల గదిలో స్టూలెక్కి గీజరు మెకానిక్. గుమ్మంలో తడిగుడ్డ పట్టుకుని ఇంటావిడ, కాలేజీ లెక్చరర్.

“ఇక్కడ స్విచ్చాపితే చాలదు మేడమ్, మెయిన్ ఆపాలి.”

“ఆపానన్నాను కదా.”

“నిజంగా ఆపారా? మొన్న ఒకావిడ ఇలాగే ఆపానంది. నేను చెయ్యి పెట్టాక తెలిసింది, ఆవిడ ఆపింది వంటింట్లో ఫ్యానని.”

“ఆపాను బాబూ. నమ్మకం లేకపోతే దిగి చూసుకోండి. పది గంటలకి నాకు క్లాసుంది. కాస్త తొందరగా కానివ్వండి.”

“కారడం ఎన్నాళ్ళ నుంచి?”

“నాలుగు రోజులు. ముందు చుక్కలు చుక్కలుగా కారింది, నిన్నటి నుంచి ధారే. పాపం, ఇన్నాళ్ళూ నోరెత్తని గీజరిది. పదకొండేళ్ళు! ఒక్క రోజు బాగుచేయించింది లేదు, ఒక్క మనిషి చెయ్యి వేసింది లేదు. మంచి కంపెనీది కొన్నాం.”

“పదకొండేళ్ళా? ఈ బోరు నీళ్ళతోనా?”

“ఏం?”

“ఈ పదకొండేళ్ళలో మీ పక్కింట్లో నేనే మూడు గీజర్లు మార్చాను మేడమ్. అందులో ఒకటి మీ కంపెనీదే. ఈ నీళ్ళు ఇనుమునే తాగేస్తాయి.”

“మా వారు జాగ్రత్తగా వాడతారు.”

“జాగ్రత్తకి లొంగే నీళ్ళు కావివి. ఆ బకెట్ కాస్త ఇటు జరపండి. ఇంకొంచెం. ఆఁ. ఇదిగో, ఈ నట్టు చూడండి.”

“నట్టులో ఏముంది చూడ్డానికి?”

“పానా పెట్టగానే వచ్చేసింది. పదకొండేళ్ళు ఎవరూ ముట్టని నట్టయితే సుత్తి పెట్టి కొట్టినా కదలదు. దీనికి గ్రీజు రాసుంది. దీన్నెవరో విప్పుతున్నారు మేడమ్. విప్పి, మళ్ళీ బుద్ధిగా బిగిస్తున్నారు.”

“దయ్యాలా?”

“దయ్యాలకి గ్రీజెందుకండీ?”

“ఇక్కడికెవరూ రారు బాబూ. ఇంటికి తాళంచెవులు రెండే. ఒకటి నా దగ్గర, ఒకటి మా వారి దగ్గర. ఆయనకి బల్బు మార్చాలన్నా చేతులు వణుకుతాయి.”

“మరి... ఆగండాగండి. ఫోన్లో లైటుంటే ఇలా పట్టుకోండి. ఈ కవరు లోపలికి.”

“ఏంటది, మురికా?”

“రాత. పెన్సిలు రాత. అమ్మ బాబోయ్!”

“ఏమైంది?”

“ఇది మా గురువుగారి రాత మేడమ్.”

“ఎవరి రాత?”

“మా గురువుగారు. స్పానర్ తాత అనేవాళ్ళం. ఈ ఊళ్ళో గీజరు విప్పే ప్రతివాడూ ఆయన చేత మొట్టికాయ తిన్నవాడే. ఆయనకో అలవాటుండేది. ఎవరింట్లో పని చేసినా, అయ్యాక కవరు లోపల పెన్సిలుతో రాసేవారు. తారీఖు, చేసిన పని, ఎవరిల్లు. ఇంకు వేడికి వెలిసిపోతుందిరా, పెన్సిలు పోదు అనేవారు. మాకందరికీ అదే నేర్పారు. ఆయన మీకు తెలుసా?”

“నాకా? నాకెలా తెలుస్తారు?”

“మీ ఇంటికొచ్చారు కదాని.”

“ఎవరో... మేం ఇంట్లో చేరిన కొత్తలో ఒకాయన వచ్చి బిగించి వెళ్ళారు. గీజరు మనిషి. మొహం గుర్తులేదు.”

“ఆ మొహం మర్చిపోవడం కష్టం మేడమ్. ఎడమ కనుబొమ్మ మీద కాలిన మచ్చ, ఇంత.”

“కుడి.”

“ఆఁ?”

“కుడివైపని... మీరు చెప్తుంటే గుర్తొచ్చింది. చూసినట్టున్నాను.”

“కుడే. నేనే తప్పు చెప్పాను. పోయారు పాపం. కిందటేడాది వానాకాలంలో. నేను పని మీద వేరే ఊళ్ళో ఉండి చివరి చూపుకి కూడా అందలేదు.”

“అందులో ఏం రాసుందో చదవండి.”

“కింద నుంచి చదువుతాను, పై లైను మీద సున్నం పట్టేసింది. ఇదిగో, ‘ఏప్రిల్ పన్నెండు, రాడ్ మార్చాను, వాషర్ మార్చాను, లెక్చరర్ మేడమ్ గారి ఇల్లు.’ ఇది కిందటేడాదిది. దాని పైన అంతకు ముందేడు. ఏప్రిల్ తొమ్మిది, రాడ్ మార్చాను, లెక్చరర్ మేడమ్ గారి ఇల్లు. దాని పైనా ఏప్రిలే. ఏప్రిల్... ఏప్రిల్... మొత్తం పది ఏప్రిళ్ళున్నాయి మేడమ్. అన్నింటికీ చివర లెక్చరర్ మేడమ్ గారి ఇల్లనే ఉంది.”

“ఏప్రిల్లో నేనుండను.”

“అంటే?”

“పరీక్ష పేపర్లు దిద్దడానికి వేరే ఊరు వెళ్తాను. ప్రతి ఏప్రిల్లో, పది రోజులు.”

“అయితే మీరు లేనప్పుడు చూసి వచ్చినట్టున్నారు. చిత్రంగా ఉందే.”

“ఆ రాడ్ అంటే ఏంటి?”

“ఇదే. బొటనవేలంత లావుండాల్సింది, చూడండి, తీగె మిగిలింది. ట్యాంకు లోపల వేలాడుతూ ఉంటుంది. ఉప్పునీళ్ళు ముందు దీన్ని తింటాయి. ఇదున్నంతకాలం ట్యాంకు జోలికి పోవు. మీ నీళ్ళకి ఏడాదికొకటి మార్చాలి. కానీ ఎవరు మారుస్తారు మేడమ్? ఇలాంటిదొకటి ఉంటుందనే జనానికి తెలీదు. ట్యాంకుకి చిల్లు పడ్డాక కంపెనీని తిడతారు, బాగున్నంతకాలం కంపెనీని పొగుడుతారు.”

“ఈ ఏడు ఎవరూ మార్చలేదు.”

“ఎవరు మారుస్తారు? ఆయన లేరుగా.”

“బాగవుతుందా ఇది?”

“సమయానికి పిలిచారు. ట్యాంకు గట్టిగానే ఉంది, కారేది వాషర్ దగ్గర. ఇంకో రెండు నెలలైతే చేతులెత్తేయాల్సిందే. సామాను కింద బండిలో ఉంది, తెచ్చుకుంటాను. మీ క్లాసుకి టైమవుతోందేమో?”

“పర్లేదు. మీరు వెళ్ళి రండి.”

“రెండు నిమిషాలు.”

“హలో... మీటింగైతే బయటికి రండి. ... ఆఁ, బాగవుతుందట. గీజరు సంగతి కాదు నేనడిగేది. ఏప్రిల్లో మనింటికి ఎవరొచ్చేవారు? ... ఏ ఏప్రిలని అడక్కండి. అన్ని ఏప్రిళ్ళూ. ... మా నాన్న గురించి అడుగుతున్నాను. ... పదేళ్ళండీ! పదేళ్ళు మీరు తలుపు తీశారు, పదేళ్ళు నాకొక్క ముక్క చెప్పలేదు. ... ఒట్టు వేయించుకున్నాడా? ఆయన అడగ్గానే మీరు వేసేశారా? ... నేను నెలనెలా వెళ్ళేదాన్ని కదా ఆయన దగ్గరికి. ‘మా ఇంటికెందుకు రావు నాన్నా’ అంటే ‘పనుంటే వస్తాలేమ్మా’ అనేవాడు. నామీద కోపం పోలేదనుకున్నాను. పోయేదాకా పోలేదనుకున్నాను. ... భోజనం పెట్టారా ఒక్కసారైనా? ... మరి ఏం తిన్నాడు? ... సోఫాలో కూర్చోమనలేదూ? ... పని బట్టలు, మాస్తుందన్నాడా. ... మెట్ల మీదా! మెట్ల మీద కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళాడా! ... లేదు, మిమ్మల్ననడం లేదు. మిమ్మల్ని ఏమనను నేను? ... చివరిసారి? ... స్టూలెక్కలేకపోయాడా. అయితే ఎవరెక్కారు, మీరా? కింద నిలబడి చెప్పాడా. ... తిట్టాడా మిమ్మల్ని? ... తిట్టే ఉంటాడు. పానా తప్పు పట్టుకుంటే నన్నూ తిట్టేవాడు. ... వద్దు, రాకండి. అతను మెట్లెక్కుతున్నాడు, పెట్టేస్తున్నా.”

“దొరికింది మేడమ్, ఒకటే మిగిలుంది. కళ్ళేంటలా అయిపోయాయి?”

“సున్నం పొడి పడింది.”

“పైనున్నది నేనైతే మీ కళ్ళలో పడిందా? సర్లెండి. లైటు పట్టుకోండి. ఆ సంచిలోంచి పదమూడో నంబరు పానా...”

“ఇదిగోండి.”

“అరె, వెతక్కుండానే తీసిచ్చారే! మా వాళ్ళు పట్టపగలు పది నిమిషాలు వెతుకుతారు.”

“దాని మీద నంబరుంది కదా.”

“నంబరెక్కడుంది మేడమ్, ఎప్పుడో అరిగిపోతే!”

“అందాజాగా ఇచ్చాను. మీరు పని చూడండి.”

“కాలేజీలో మీరు చెప్పేది ఏం పాఠాలు?”

“ఎకనామిక్స్. బాబూ, మీ గురువుగారు... ఈ ఇంటి గురించి ఎప్పుడైనా ఏమైనా అన్నారా?”

“ఈ ఇంటి గురించని కాదు గానీ, ఒకింటి కథ మాత్రం చెప్పేవారు. పనిలో కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పాల్సిందే, లేకపోతే ఆయనకి తోచేది కాదు.”

“ఏంటది?”

“ఎవరింట్లోనో విందట. పెద్ద పెద్దవాళ్ళొచ్చారట. ఈయన లోపల గీజరు బిగించి, చేతులు కడుక్కుని హాల్లోకొచ్చారు. ఎవరో పెద్దమనిషి చూసి ‘ఈయనెవరు’ అన్నాడు. ‘గీజరు బిగించడానికొచ్చిన మనిషి’ అంది ఇంటావిడ. ఈయన ‘అవునండీ’ అని దణ్ణం పెట్టి, సంచి తీసుకుని వచ్చేశారు. అంతే కథ. ఇందులో ఏముంది తాతా, నువ్వు గీజరు మనిషివే కదా అనేవాళ్ళం. ‘అదే కదరా, ఆవిడ అబద్ధమేం చెప్పలేదుగా’ అని నవ్వేవారు.”

“నవ్వేవారా?”

“పళ్ళన్నీ కనబడేట్టు. సగం లేవనుకోండి.”

“అంతేనా? ఇంకేమీ అనేవారు కాదా?”

“ఒక మాటనేవారు. ‘ఒరేయ్, చుట్టానికైతే పిలుపు కావాలి. పనివాడికి పనుంటే చాలు. అందుకే నేనా ఇంటికి పనివాడిగానే వెళ్తాను’ అని. అందులో నీతేంటో మాకెవరికీ తలకెక్కలేదు. పని ఎగ్గొట్టకూడదని కాబోలు అనుకునేవాళ్ళం. మేడమ్, లైటు పక్కకి పోయింది.”

“చెయ్యి లాగుతోంది.”

“అయిపోవచ్చింది, ఒక్క నిమిషం ఓర్చుకోండి. ఇంకో చుట్టు. ఆఁ. ఇప్పుడు నీళ్ళు వదలండి. మెల్లగా. చూశారా, చుక్క లేదు! గుడ్డతో తుడిచి చూడండి, పొడిగా ఉంటుంది.”

“పొడిగానే ఉంది.”

“ఇక కవరు. ఆ పై లైను కూడా చూసేద్దాం. మీ చేతిలో ఆ తడిగుడ్డ ఇలా ఇవ్వండి. గట్టిగా రుద్దనులెండి, సున్నం వరకే. పదకొండేళ్ళ నాటిది మేడమ్, ఎంత గుండ్రంగా రాశారో చూడండి. ‘జూన్ రెండు. కొత్త గీజరు బిగించాను.’ ఆ పక్కన... ఇదేంటి?”

“ఏమనుంది?”

“పొరపాటు పడ్డట్టున్నారు. ‘మా అమ్మాయి ఇల్లు’ అనుంది.”

“ఏదీ, ఇలా తిప్పండి.”

“ఆఁ, తెలిసింది. ఈ కవరు వాళ్ళమ్మాయి గారింట్లోదయ్యుంటుంది. అక్కడ కొత్తది వేసి, ఇది తెచ్చి మీకు తగిలించుంటారు. ఆయనకో కూతురుందిలెండి. పెద్ద చదువులు చదివిందట. ‘మా అమ్మాయి’ అని మొదలెడితే చేతిలో పానా కింద పెట్టేసి మరీ చెప్పేవారు. చిన్నప్పుడు ఈయన పక్కన కూర్చుని సామాను అందించేదట, ఒక చేత్తో పుస్తకం పట్టుకునే. ఇల్లెక్కడ తాతా, ఓసారి చూపించవా అంటే మాత్రం మాట మార్చేసేవారు. ఆ మహాతల్లి ఈయన్ని గుమ్మం ఎక్కనిచ్చిందో లేదో! మేడమ్, తుడిచేయనా ఆ లైను? మీ గీజరు మీద ఇంకెవరి ఇల్లో ఎందుకు?”

“తుడవకండి.”

“మీ ఇష్టం. ఇవాళ్టి లైను నేను రాయాలి, ఆయన పెట్టిన అలవాటు. తారీఖు వేశాను. రాడ్ మార్చాను, వాషర్ మార్చాను. మరి ఎవరిల్లని రాయను? లెక్చరర్ మేడమ్ గారి ఇల్లనేనా?”

“అదే రాయండి. నాకు అదే సరిపోతుంది.”

“రాశాను. ఆ పైది మాత్రం అలాగే ఉంచేయమంటారా?”

“ఉంచండి. మా నాన్న అలా రాసింది ఒక్కసారే.”